పట్టాలు తుడిచింది నేనే

మా ఆయనకు నేనొక అన్యాయం చేశాను. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ మాట నా నోటి నుంచి రాలేదు. ఇప్పుడు చెబుదామంటే వినడానికి ఆయన లేడు. దేవుడికి చెప్పుకోలేదా అంటే, చెప్పుకున్నాను. చర్చిలో మోకాళ్ల మీద కూర్చుని చాలాసార్లే చెప్పుకున్నాను. కానీ దేవుడికి అన్నీ ముందే తెలుసు కదా. తెలిసినవాడికి చెప్పడంలో బరువు దిగదు. తెలియని మనిషికి చెప్పాలి. విన్నాక ముఖం కాస్త మారే మనిషికి. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

చేసింది చూస్తే చిన్న పని. ఒక గుడ్డ ముక్కతో రెండు మూడు సార్లు అటూ ఇటూ రుద్దాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు, ఏదీ విరగలేదు. మరి ఇన్నేళ్లుగా దాన్ని ఎందుకు మోస్తున్నాను? మొదటి నుంచి చెబితే తప్ప నాకే తెలిసేలా లేదు.

మా పెళ్లి అరవైల చివర్లో అయింది. ఆయన పేరు సామేల్. ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఫిట్టరు. మూసీ మీది పాత వంతెన పురానాపూల్ దగ్గర ఒక గల్లీలో శేఠ్ ఇంటి మేడ మీద అద్దెకుండేవాళ్లం. శేఠ్‌కు బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం. మా అత్తమ్మ, మరిది వాళ్లు చాంద్రాయణగుట్టలో ఉండేవాళ్లు. అప్పట్లో అది ఊరి బయట కిందే లెక్క.

ఆయన మాట్లాడేవాడు కాదు. కోపం కాదు, చీదర కాదు, అలవాటు లేదంతే. పొద్దున టిఫిన్ డబ్బా అందిస్తే తీసుకునేవాడు, సాయంత్రం ఖాళీ డబ్బా తెచ్చి కడిగి బోర్లించేవాడు. కూర బాగుందా అంటే తలూపేవాడు. తర్వాత వెనక గదిలోకి వెళ్లి ఏదో చేసుకుంటూ ఉండేవాడు. కొత్త కోడలిని, ఏమని అడగను? నేను ముందు గదిలో కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టుకుంటూ, ఈ మనిషికి నేనంటే ఇష్టం లేదేమో అనుకునేదాన్ని.

ఒక ఆదివారం మధ్యాహ్నం గిన్నెలు సర్దుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో రెండు తీగ ముక్కలు.

"గీ రెండిట్ల ఎర్రది ఏది?" అన్నాడు.

పరాచికమనుకుని నవ్వాను. "గదేం అడుగుడు? కనిపిస్తలేదా?"

"కనిపిస్తలేదు," అన్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. ఆయన ఆ గుమ్మంలోనే గొంతుక్కూర్చుని, అంతవరకూ మాట్లాడనివన్నీ ఒక్కసారే మాట్లాడాడు. వాళ్ల నాన్న రైలింజనులో బొగ్గు వేసేవాడట. ఈయన పుట్టి పెరిగింది రైల్వే క్వార్టర్లలోనే. డ్రైవరు కావాలని తప్ప ఇంకో కోరిక లేదు. రాత పరీక్ష పాసయ్యాడు, ఒళ్లు పరీక్ష పాసయ్యాడు. కంటి పరీక్షలో రంగురంగుల చుక్కలున్న పుస్తకం ముందు పెట్టి, చుక్కల మధ్య ఏ అంకె ఉందో చెప్పమన్నారు. అందరికీ కనిపించే అంకె ఈయనకు కనిపించలేదు. ఎరుపూ ఆకుపచ్చా ఆయన కళ్లకు ఒకే మట్టిరంగు. సిగ్నలు తెలియని మనిషికి బండి ఎవరిస్తారు? వెళ్లిపొమ్మన్నారు.

"గందుకే ఇంట్లనే ఏసుకుంటున్న," అన్నాడు.

ఏం వేసుకుంటున్నాడో చూద్దామని ఆ రోజు మొదటిసారి వెనక గదిలోకి వెళ్లాను. గోడ వారగా నడుమెత్తు బల్ల. దాని మీద చెక్క పుల్లలకు ఇత్తడి పట్టీలు అతికించి చేసిన రైలు పట్టాలు. జానెడంత ఇంజను ఒకటి, ఇంకా రంగు వేయలేదు, ఇత్తడి మెరుపులోనే ఉంది. నా మిషన్ బాబిన్ కంటే చిన్న చక్రాలు. ఒక్కొక్కటీ ఆయన అరగదీసి చేసినవే. నేను ఎర్ర తీగ ఏదో చూపించాను. ఆయన దాన్ని ఎక్కడో కలిపి, చిన్న డబ్బా మీది పిడి తిప్పాడు. ఇంజను కదిలింది. ఆయన నా ముఖం వైపు చూశాడు. ఇంజను వైపు కాదు. నా వైపు.

ఆ రోజు నుంచి రంగులన్నీ నావి.

అది మీకు చిన్న మాటగా తోచవచ్చు. నాకు కాదు. తీగలకు రంగు దారాలు చుట్టి గుర్తులు పెట్టింది నేను. ఇంజనుకు నలుపు, దాని ముందు దిమ్మెకు ఎరుపు, డబ్బాలకు ఇటుకరంగు పూసింది నేను. బీరకాయ పీచు ముక్కలు కోసి ఆకుపచ్చ రంగులో ముంచి చెట్లు చేశాను. జాకెట్ ముక్కల్లో మిగిలిన గుడ్డతో స్టేషన్లో నిలబడ్డ మనుషులకు బట్టలు కట్టాను. సిగ్నలు ఎర్రగా ఉందో ఆకుపచ్చగా ఉందో చెప్పాల్సింది నేను. నేను చెప్పనిదే ఆయన పిడి తిప్పేవాడు కాదు. "గార్డమ్మా, లైను ఇచ్చిండ్రా?" అని అడిగేవాడు. "ఇచ్చిండ్రు, పోనీయుండ్రి," అనేదాన్ని. పెళ్లయ్యాక నాకు ఆయన పెట్టిన పేరు అదే. గార్డమ్మ.

ఇంకో పని కూడా నాదే. పట్టాలు తుడవడం. పట్టాల్లోంచే కరెంటు ఇంజనుకు అందుతుంది. దుమ్ము పడితే అందదు. జిడ్డు అంటితే చక్రాలు జారతాయి. అందుకని బండి నడిపే ప్రతిసారీ ముందుగా గుడ్డకు స్పిరిట్ అద్ది పట్టాలన్నీ తుడిచేదాన్ని. నా వేళ్లు సన్నవి, ఎంత ఇరుకు సందులోకైనా దూరేవి.

గురువారం వస్తే జుమ్మేరాత్ బజారుకు ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. పాత సామాన్ల అంగడి అది. గడియారపు పళ్లచక్రాలు, పాడైన బొమ్మల్లోని మోటార్లు, తెగిన స్ప్రింగులు. తోపుడు బండి దగ్గర ఆయన గంటసేపు కూర్చుని ఏరుతుంటే అమ్మేవాడు విసుక్కునేవాడు కాదు, పక్కన చోటిచ్చి చాయ్ తాగించేవాడు. శేఠ్ సొట్టపడ్డ ఇత్తడి చెంబులు పైకి పంపేవాడు. అవి కోసి, కొట్టి, ఈయన డబ్బాలు చేసేవాడు. సాయంత్రాలు శేఠ్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి స్టూలు మీద కూర్చుని, "చలావ్ సామేల్ భాయ్, ఇయ్యాల బండి లేటున్నది," అనేవాడు. బండి రెండు చుట్లు తిరిగితే చాలు, కళ్లు తుడుచుకుంటూ దిగిపోయేవాడు. ఎందుకు తుడుచుకునేవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

అన్నిటికంటే పెద్ద పని వంతెన. మా కిటికీలోంచి కనిపించే పురానాపూల్నే బల్ల మీద కట్టాలన్నాడు. మూసీ ఒడ్డున రాళ్ల ముక్కలు ఏరుకొచ్చాం. ఆయన వాటిని సుత్తితో పప్పుబద్దలంత చేసి ఒక్కొక్కటే అతికించి కమానులు కట్టాడు. కింద అద్దం పలక పెట్టి, అడుగున నేను రంగు పూస్తే అది నది అయింది. అసలు పురానాపూల్ మీద ఏనాడూ రైలు పోలేదు. మా గదిలో పోయింది. వంతెన ఎత్తుకు బండి ఎక్కాలి కాబట్టి ఇటూ అటూ పట్టాలను వాలుగా లేపాడు. మొదటిసారి ఇంజను ఆ వాలు ఎక్కి, కమానుల మీదుగా వెళ్లి అవతలికి దిగినప్పుడు ఆయన పిడి వదిలేసి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన చేతులకు ఎప్పుడూ ఉండే ఇత్తడి వాసన నాకిప్పటికీ గుర్తు.

మాకు పిల్లలు కలగలేదు. చర్చిలో ఆడవాళ్లు అడిగేవాళ్లు, అత్తమ్మ అడగకుండానే అడిగినట్టు చూసేది. ఇంటికొచ్చి వెనక గది తలుపు తీస్తే ఆ ప్రశ్నలన్నీ బయటే ఉండిపోయేవి.

డెబ్బైల మధ్యలో అనుకుంటాను, శేఠ్ దుకాణానికి రైల్వేలో పెద్దాఫీసరు ఒకాయన సామాన్లు కొనడానికి వచ్చాడట. శేఠ్ ఊరుకుంటాడా, "మా ఇంట్ల మేడ మీద రైలు నడుస్తది సాబ్," అని గొప్పగా చెప్పుకున్నాడు. ఆఫీసరు నవ్వి, నిజంగానే చూడటానికి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చిన మనిషి బల్ల చుట్టూ తిరిగాడు. వంగి వంతెనను కిందనుంచి చూశాడు. ఆ ఆఫీసరు మంచివాడు. ఇందులో ఆయన తప్పేమీ లేదని ముందే చెబుతున్నాను.

ఉత్తరాదిన ఒక ఊళ్లో కొత్త డ్రైవర్లకూ స్టేషన్ మాస్టర్లకూ పని నేర్పే బడి ఉందట. అక్కడ పాఠం చెప్పడానికి హాలు నిండా ఇలాంటి రైలే కట్టాలనుకుంటున్నారు. కట్టేవాడు, కట్టాక రోజూ నడిపేవాడు కావాలి. రైల్వే ఉద్యోగం. మా ఆయన వెంటనే, దాచకుండా, "సాబ్, నాకు రంగులు తెల్వయి. గివన్ని మా ఇంటామె ఏసింది," అన్నాడు. ఆ గొంతులో ఎంత గర్వం ఉందో నేను విన్నాను.

ఆఫీసరు నా వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. మళ్లీ ఆయనతో, "ఫికర్ మత్ కరో. రంగులకు అక్కడ పెయింటర్లున్నారు," అన్నాడు.

తప్పుడు మాట కాదు అది. ఓదార్పు మాట. అక్కడ పెయింటర్లున్నారు. నిజమే కదా, ఉంటారు కదా. మరి ఆ మాట చేప ముల్లులా నా గొంతులో ఎందుకు దిగింది?

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం ఆ బడి నుంచి ఇద్దరు మనుషుల్ని తీసుకొస్తానన్నాడు ఆఫీసరు. వాళ్ల ముందు బండి సరిగ్గా నడిస్తే మిగతాది తను చూసుకుంటానన్నాడు. మా ఆయన మనిషే మారిపోయాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి బట్టలు కూడా మార్చుకోకుండా వెనక గదిలోకి వెళ్లేవాడు. బండి పొడుగ్గా ఉండాలని కొత్త డబ్బాలు చేశాడు, వాటితో ఒకసారి వాలు ఎక్కించి చూశాడు కూడా. ఈల వేసేవాడు. ఆయనకు ఈల వచ్చని అప్పటిదాకా నాకు తెలియదు. కానీ అక్కడ క్వార్టరు దొరకడానికి ఏడాది పైన పట్టొచ్చు, అప్పటివరకూ ఆయన అక్కడ ఒక్కడే ఉండాలి, నేను చాంద్రాయణగుట్టలో అత్తమ్మ దగ్గర ఉండాలి.

ఒకసారి అడిగాడు కూడా. నేను చెట్లకు రంగు దిద్దుతుంటే పక్కన నిలబడి, "నీకు ఇష్టమేనా? నువ్వు కాదంటే వద్దు," అన్నాడు.

"మీ ఇష్టమే నా ఇష్టం," అన్నాను.

అదే చోట, వద్దు అని ఒక్క మాట అని ఉంటే ఈ కథే లేదు. ఆయన మానుకునేవాడు. బాధపడి మానుకునేవాడు, కానీ తెలిసి మానుకునేవాడు. నేను మంచి భార్యలా మాట్లాడాను. మంచి భార్యగానూ ఉండాలి, ఆయన పోకుండానూ ఉండాలి. రెండూ కావాలనుకున్నాను.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాం. నాలుగింటికి వాళ్లొస్తారని చాయ్‌కు ఇంకొన్ని పాలు తేవడానికి ఆయన కిందికి వెళ్లాడు. నేను పట్టాలు తుడవడానికి గుడ్డ తీసుకున్నాను. స్పిరిట్ సీసా తీసుకున్నాను. బల్ల చుట్టూ తుడుచుకుంటూ వచ్చాను. వంతెన వాలు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది.

పక్క గదిలో నా కుట్టుమిషన్ ఉంది. దాని సొరుగులో మిషన్ నూనె ఉంది. పల్చటి నూనె, రంగు లేదు. ఇంజను ఇరుసులకు ఆయన వాడేది కూడా అదే, కాబట్టి వాసన ఎవరికీ కొత్తగా తోచదు. ఇదంతా నేను ఆలోచించానా? ఆలోచించాను. చెయ్యి దానంతట అదే వెళ్లిందని, ఏదో ఆవేశంలో చేశానని ఎన్నో ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. వెళ్లి సొరుగు తీశాను, ఇంకో గుడ్డ తీసుకున్నాను, నూనె అద్దాను, తిరిగొచ్చి వాలు పట్టాల మీద మాత్రమే రుద్దాను. మెరవకుండా పొడి వేలితో ఒకసారి ఒత్తాను కూడా. అంత నిదానంగా చేసిన పనిని ఆవేశం అంటారా?

వాళ్లొచ్చారు. ఆఫీసరు, బడి నుంచి వచ్చిన ఇద్దరు, వెనకాలే శేఠ్. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నా వైపు చూశాడు. "గార్డమ్మా, లైను?" అన్నాడు. "ఇచ్చిండ్రు," అన్నాను.

బండి కదిలింది. స్టేషను దాటింది, చెట్ల వెనక నుంచి తిరిగి వచ్చింది. వచ్చినవాళ్లలో ఒకాయన బాగుందన్నట్టు తలూపాడు. వాలు మొదలైంది. ఇంజను ముందు చక్రాలు ఎక్కాయి. ఆ తర్వాత చక్రాలు తిరుగుతున్నాయి, బండి మాత్రం అక్కడే ఉంది. అలా కాసేపు ఉండి, మెల్లగా, డబ్బాల బరువుకు వెనక్కి జారింది.

ఆయన వెనక్కి తెచ్చాడు. చొక్కా అంచుతో చక్రాలు తుడిచాడు. మళ్లీ నడిపాడు. చదును మీద చక్కగా వెళ్లింది. వాలు మీద మళ్లీ జారింది. ఆయన మెడ మీద చెమట పట్టింది. అప్పుడు నా వైపు తిరిగి, మెల్లగా అడిగాడు.

"పట్టాలు తుడిసినవా?"

"తుడిసిన."

అంతే అడిగాడు, అంతే చెప్పాను. ఒక్కసారి ఆ పట్టా మీద వేలు పెట్టి చూసి ఉంటే తెలిసిపోయేది. పెట్టలేదు. నేను తుడిచానన్నాను కదా, ఇంక చూడాల్సిన పనేముంది? ఆయన వేలు ఇంజను మీదికి వెళ్లింది, చక్రాల మీదికి వెళ్లింది, తను చేసిన ప్రతిదాని మీదికీ వెళ్లింది. నేను చేసిన దాని మీదికి మాత్రం వెళ్లలేదు.

వాళ్లు నొచ్చుకోకుండానే మాట్లాడారు. చాయ్ తాగారు. పనితనం బాగుందన్నారు. అక్కడ పని నేర్చుకునేవాళ్ల ముందు రోజూ నడవాల్సిన బండి కదా, అన్నారు. ఆయన వాళ్లను గల్లీ చివరి దాకా సాగనంపడానికి వెళ్లాడు. మెట్ల మీద వాళ్ల అడుగులు వినిపిస్తుండగానే నేను స్పిరిట్ గుడ్డ తీసుకుని వాలు మీది నూనె అంతా తుడిచేశాను. శుభ్రంగా. ఎప్పుడూ తుడిచినంత శుభ్రంగా. చేసిన తప్పు ఒకటయితే ఇది రెండోది, నన్నడిగితే ఇదే పెద్దది.

ఆయన తిరిగొచ్చి బండి మళ్లీ నడపలేదు. పాత దుప్పటి తెచ్చి బల్ల మీద కప్పాడు. "బరువు సాలలే," అన్నాడు. "కొత్త డబ్బాలు గుంజెటంత బరువు ఇంజనుకు లేదు. నేను సూస్కోలే." నా తల మీద చెయ్యి వేశాడు. "నువ్వు మస్తు కష్టపడ్డవు. ఏమనుకోకు," అన్నాడు.

నన్ను ఓదార్చాడు.

ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్లిందని తర్వాత శేఠ్ చెప్పాడు. కొన్ని నెలలు ఆ దుప్పటి తీయలేదు. శేఠ్ పైకి వచ్చి, "క్యా భాయ్, హర్తాళా?" అని నవ్వించబోయి, ఆయన ముఖం చూసి, ఊరకే కూర్చుని వెళ్లిపోయేవాడు. మళ్లీ మా ఇంట్లో మాటలు తగ్గాయి. నేను ఎవరిని పోగొట్టుకోకూడదని ఆ పని చేశానో ఆ మనిషే నా కళ్లముందు దూరమయ్యాడు.

తర్వాత ఒకరోజు దుప్పటి తీశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ బండిని ఉన్నదున్నట్టు నడిపి చూడలేదు. నడిపి ఉంటే సులువుగా ఎక్కేసేది, అప్పుడు ఏమనేవాడో. ముందే ఇంజనులో సీసం కరిగించి పోశాడు. ఆ బరువుకు మోటారు వేడెక్కి పొగ వాసన వచ్చింది. కొంత తీశాడు, మళ్లీ పోశాడు. చివరికి తేల్చుకున్నాడు. "వాలు ఎక్కువైంది. వంతెన తీసెయ్యాలె," అన్నాడు.

"వంతెనా?" అన్నాను.

"లెక్క తప్పిన. కట్టినప్పుడే తప్పిన. అంతకుముందు ఎక్కింది నసీబు మీద ఎక్కింది."

అది కట్టడానికి మాకు ఒక చలికాలం, ఒక ఎండాకాలం పట్టింది. పగలగొట్టడానికి ఒక్క సాయంత్రం. సుత్తి ఇమ్మని చెయ్యి చాపాడు. నేను ఇచ్చాను. నోరు తెరిస్తే ఆగిపోయేది. నోరు తెరిచాను కూడా. "కండ్లల్ల రాళ్లు పడతయి, జర పైలం," అన్నాను. అదే వచ్చింది. ఆయన ఒక్కో కమానూ కొడుతుంటే నేను కింద గుడ్డ పట్టుకుని పప్పుబద్దలంత రాళ్లను ఏరాను. నది అద్దం పగలకుండా తీయమన్నాడు, తీశాను. ఆ చోట చదును పట్టాలు వేశాం. బండి నడిచింది. ఆయన తలూపాడు. ముఖంలో సంతోషం లేదు, తప్పు దిద్దుకున్న మనిషి నెమ్మది ఉంది. లేని తప్పు దిద్దుకున్నాడు. నేను చూస్తూ ఉన్నాను.

ఎందుకు చేశానని మీరు అడుగుతారు. అత్తమ్మ దగ్గర ఉండటం భయమై చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కొంత నిజమే. పిల్లలు లేని కోడలికి ఆ ఇంట్లో పొద్దుపోవడం కష్టం. కానీ ఆ భయం ఒక్కటే అయితే నోటితో చెప్పేదాన్ని. చెప్పలేనిది ఇంకోటి ఉంది. ఆ గదిలో ఆయనకు నేను కావాలి. నా కళ్లు లేకపోతే ఆయన బండి కదలదు. ఈ లోకంలో నేను లేనిదే జరగని పని అదొక్కటే. ఆ పెద్ద హాల్లో పెయింటర్లుంటారు, సిగ్నలు చెప్పేవాళ్లుంటారు, తుడిచేవాళ్లుంటారు. అక్కడ ఆయన రైల్వే మనిషి అవుతాడు. నేను రైల్వే మనిషి పెళ్లాన్ని అవుతాను. అది నాకు చాలలేదు. ఆయనకు జీవితమంతా కావలసిందేదో నాకు తెలుసు. తెలిసే అడ్డం పడ్డాను. కంటి పరీక్ష ఆయన్ని ఒకసారి వెనక్కి పంపింది. రెండోసారి నేను పంపాను.

తర్వాతి సంవత్సరాలు చెడ్డవి కావు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే నేను ఇంకో అబద్ధం చెప్పినట్టే. మళ్లీ ఈల వేశాడు. మళ్లీ జుమ్మేరాత్ బజారుకు వెళ్లాం. క్రిస్మస్‌కు స్టేషను మీద చిన్న బల్బులు వెలిగించి గల్లీలో వాళ్లందర్నీ పిలిచేవాళ్లం. నన్ను గార్డమ్మా అని పిలవడం ఏనాడూ మానలేదు. నేను సుఖంగా ఉన్నాను. అదే నాకు పెద్ద శిక్ష అని పెద్ద మాటలు చెప్పను. సుఖం సుఖమే. కాకపోతే ఆయన మళ్లీ ఎప్పుడూ ఎత్తు మీదికి పట్టాలు వేయలేదు. ఎవరైనా కొండో సొరంగమో పెట్టమంటే, "వద్దన్నా, నాకు వాలు లెక్కలు రావు," అనేవాడు. ఫ్యాక్టరీలో మిల్లీమీటరులో వందో వంతు తేడా చేత్తో పట్టుకునే మనిషి. నాకు లెక్కలు రావు అనేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నేను వంటింట్లోకి వెళ్లేదాన్ని.

ఎనభైల్లో ఆయన గుండె బలహీనపడింది. మెట్లు దిగొద్దన్నారు డాక్టర్లు. మంచాన్ని వెనక గదిలోకే జరిపాను, పడుకుని బండిని చూసేవాడు. పిడి నేనే తిప్పేదాన్ని. ఒక మధ్యాహ్నం బండి ఆగిపోయాక కిటికీలోంచి అవతలి పూల్ వైపు చూస్తూ అన్నాడు.

"నీకు ఆ వంతెనంటే మస్తు ఇష్టముండె. కట్టి నిలబెట్టలేకపోయిన."

మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాను. ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది. గదిలో ఇంకెవరూ లేరు. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. ఏమంటాడో కూడా నాకు తెలుసు. ముందు నమ్మడు. తర్వాత నవ్వుతాడు. నీ పాడుగాను, మిషన్ నూనెనా, అంటాడు. క్షమిస్తాడు. అది నాకు నిశ్చయంగా తెలుసు, తెలిసే చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ నవ్వు అయిపోయాక, నేను వంటింట్లోకి వెళ్లాక, ఒక్కడే పడుకుని ఆలోచిస్తాడు కదా. ఆ హాలు గురించి, ఆ ఉద్యోగం గురించి, సుత్తితో తను పగలగొట్టిన కమానుల గురించి. అంత తక్కువ ఊపిరి మిగిలినవాడికి అంత బరువు ఎలా ఇవ్వను అనుకున్నాను. అలా అనుకున్నానా, లేక నన్ను నేను కాపాడుకోవడానికి దయ అని పేరు పెట్టుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

"గట్లేం లేదు, పండుకోండ్రి," అన్నాను. దుప్పటి సర్దాను.

ఆ వర్షాకాలంలోనే పోయాడు. తర్వాత శేఠ్ కొడుకులు ఇల్లు పడగొట్టి కట్టేటప్పుడు బల్ల విప్పించేశాను. ఇంజను నా దగ్గరే ఉంది. సీసం ఇంకా దాని కడుపులోనే ఉంది, చేతిలోకి తీసుకుంటే దాని పరిమాణానికి మించిన బరువు.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించాల్సింది మీరు కాదు. నాకు కావలసింది వేరే. సామేల్ పనితనం గురించి ఆయనే నమ్మిన ఒక అబద్ధం ఉంది, దాన్ని పుట్టించింది నేను, అది నాతోపాటు మట్టిలోకి పోకూడదు. ఆ ఇంజనుకు బరువు సరిపోయింది. వాలు లెక్క తప్పలేదు. ఆ రోజు కూడా వంతెన ఎక్కి అవతలికి దిగేది. ఆయన చేతిలో ఏ లోపమూ లేదు.

ఇన్నేళ్లకు ఈ మాట బయటికి అన్నాను. మీరు విన్నారు.